ఈశ్వరప్ప నమలని వక్కాకు

ధర్మవరంలో డాక్టరు గురప్పగారి హస్తవాసి మంచిదని చుట్టుపక్కల ఊళ్ళన్నిటా పేరు. కాదనను. కానీ ఆ హస్తం మన నాడి మీద పడాలంటే ముందు ఈశ్వరప్ప బల్ల దాటాలి. ఇప్పటివాళ్ళు రిసెప్షనిస్టు అంటున్నారు. మెడలో కార్డు వేసుకుని, ఎదుటి మనిషి మొహం కూడా చూడకుండా పేరడుగుతారు. మా రోజుల్లో ఆ మాట ఎవరికి తెలుసు? చీటీల ఈశ్వరప్ప, అంతే. వచ్చినవాళ్ళ పేరూ ఊరూ వయసూ చీటీ మీద రాయడం, వరస ప్రకారం కూర్చోబెట్టడం, లోపల గంట మోగితే ఒక్కొక్కరినే పంపడం ఆయన పని. ఎవరైనా వాంతి చేసుకుంటే దాని మీద ఇసుక పోయడం, ఏడ్చేవాళ్ళకు కుండలోంచి నీళ్ళు ముంచి ఇవ్వడం, "నాకంటే ముందు వాడెట్ల పోయినాడప్పా" అని తగువుకొచ్చే పెద్దమనుషులను చల్లబరచడం కూడా ఆయన పనే.

నా పేరు లక్ష్మన్న. ఆ ఆసుపత్రిని ఆనుకునే నా మందుల షాపు. మధ్య గోడకు ఊచల కిటికీ ఒకటి ఉండేది. నేను గల్లా దగ్గర కూర్చుంటే ఆయనా ఆయన బల్లా కనిపించేవి. నాకు కోపమెక్కువని ఊళ్ళో అంటారు. ఎక్కువే. ఈశ్వరప్ప సంగతి మొదటినుంచి చివరిదాకా చూసినవాడికి కోపం రాకపోతే వాడి ఒంట్లో నెత్తురు లేనట్టే.

ఈశ్వరప్ప మొదట మగ్గం మనిషి. గుంతలో కాళ్ళు పెట్టుకుని పట్టుచీరలు నేసినవాడు. ముప్పై దాటకముందే దగ్గు పట్టుకుంది, గళ్ళలో, అదే కఫంలో, నెత్తురు పడింది. క్షయ. ఆ మాట మా ఊళ్ళో పైకి అనేవాళ్ళు కాదు, 'ఆ జబ్బు' అనేవాళ్ళు. ఆ జబ్బు వచ్చిన ఇంట్లో మంచినీళ్ళు తాగరు, ఆ ఇంటికి పిల్లనివ్వరు, ఆ ఇంటి పిల్లను తెచ్చుకోరు. అన్నదమ్ములు ముందు ఆయన కంచం వేరు చేశారు, తర్వాత మనిషినే వేరు చేశారు. భార్య రామలక్ష్మమ్మ ఒక్కతే వదల్లేదు. గురప్పగారు ఏడాదిన్నర పాటు సూదులు వేసి, మాత్రలు మింగించి మనిషిని నిలబెట్టారు. "ఇంగ మగ్గం గుంతలో దిగొద్దు" అన్నారు. దిగకపోతే తినేదేమని ఈయన ఏడిస్తే, వసారాలో బల్ల వేసి కూర్చోబెట్టారు. ఒకటే షరతు పెట్టారు. ఎవరు ఏ జబ్బుతో వచ్చారో బయట నోరు తెరవకూడదు.

ఆ షరతు ఆయనకు చెప్పక్కర్లేదు. ఊరు వెలేస్తే ఎట్లా ఉంటుందో అనుభవించినవాడు. కొందరి నోట్లో నువ్వుగింజ నానదంటారే, ఈశ్వరప్ప నోట్లో వేస్తే అది మొలకెత్తినా బయటికి రాదు. ఇంట్లో రామలక్ష్మమ్మ అడిగినా చెప్పేవాడు కాదు. "ఈ మనిషి ఆసుపత్రి నుంచి వస్తాండాడా, మౌనవ్రతం నుంచి వస్తాండాడా" అని ఆవిడ నా భార్య దగ్గర మొత్తుకునేది.

అయితే మా ఊరు ఊరుకుంటుందా? పెళ్ళి సంబంధం కుదిరే ముందు అబ్బాయికో అమ్మాయికో ఆ జబ్బు ఉందేమోనని జనానికి భయం. తెలిసిన మనిషి ఈశ్వరప్ప. ఆయన చెప్పడు. ఒకసారి కదిరి వైపు పెద్దాయన ఒకడు వచ్చి, ఫలానా వాళ్ళ పిల్లవాడికి మా చెల్లెలి కూతురినియ్యాలని అనుకుంటాండామని చెప్పి, బల్ల మీద వక్కాకు పెట్టాడు. తమలపాకూ వక్కా కలిపి మేం వక్కాకు అంటాం, ఎవరి దగ్గరికి పోయినా ముందు పెట్టేది అదే. ఆ పిల్లవాడు ఆసుపత్రికి వచ్చింది ఒకేసారి, అదీ కాలికి మేకు దిగితే. ఈశ్వరప్ప ఏమీ అనలేదు, సంతోషంగా వక్కాకు నోట్లో వేసుకున్నాడు. పెళ్ళయింది. ఇంకోసారి ఇంకొకాయన ఇంకో పిల్లవాడి పేరెత్తి వక్కాకు పెట్టాడు. ఆ పిల్లవాడు సూదులకు వస్తున్నాడు. ఈశ్వరప్పకు చెయ్యి లేవలేదు. వక్కాకు బల్ల మీదే వాడిపోయింది. సంబంధం తప్పిపోయింది. తర్వాత కొన్నాళ్ళకు ఆ పిల్లవాడు పోయాడు.

ఇంక ఊరు పట్టుకుంది. ఈశ్వరప్ప నమిలితే సంబంధం ఖాయం, నమలకపోతే జబ్బున్నట్టు. ఏ సాకు చెప్పినా వినొద్దు, దవడ చూడమన్నారు. ఈ ఏర్పాటు ఆయన పెట్టింది కాదు, ఊరే పెట్టుకుంది. పామిడి నుంచి, కణేకల్ నుంచి కూడా వక్కాకు తెచ్చేవాళ్ళు. అడిగేవాళ్ళు ఒక్క ప్రశ్నా వేసేవాళ్ళు కాదు. మంచి కార్యం మాట్లాడుతూ ఆ జబ్బు పేరెత్తితే అశుభం కదా! ఫలానా ఇంటికాడ నుంచి వస్తున్నామని మాటల్లో అనేసి వక్కాకు పెట్టేవాళ్ళు. అదే అడగడం.

నేను ఉండబట్టలేక అన్నాను. "ఏమప్పా, నోరు తెరవనని ఒట్టు పెట్టుకొని దవడతో చెప్తాండావే?"

"నేనేం చెప్పినా లక్ష్మన్నా? తినాలనిపిస్తే తింటా, లేకుంటే లేదు" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వులో రోంత గర్వం ఉండేది. ఒకప్పుడు కంచం వేరు చేసిన ఊరు, ఇప్పుడు తన దవడ వంక చూస్తోందని. ఎందుకుండకూడదు? ఎంతమంది ఆడపిల్లలు ఆయన పుణ్యాన బతికిపోయారో.

మూడో వీధిలో మగ్గం నేసే బాలప్పకు ఇద్దరు కూతుళ్ళు. పెద్దది ఆంజినమ్మ. వాళ్ళ అవ్వకు ఉబ్బసం. వారం వారం అవ్వకు మందు తీసుకుపోవడానికి ఈ పిల్లే వచ్చేది. వచ్చిందంటే వసారా అంతా దానిదే. ముసలివాళ్ళను లేవదీసి కూర్చోబెట్టేది, చంటిపిల్లలను ఎత్తుకునేది, ఈశ్వరప్పను ఆటపట్టించేది.

"పెద్దనాయనా, ఈ కుండ కడిగి ఎన్నాళ్ళయింది? దీంట్లో నీళ్ళు తాగితే లేని జబ్బొస్తాది. డాక్టరుకు గిరాకీ తెప్పిస్తాండావా ఏంది?"

"గమ్మునుండవే. ఈ కరువులో ఉన్న నీళ్ళు కుండ కడిగి పారబోస్తే నీ మొగుడు తెచ్చి పోస్తాడా?"

"వాడెవడో రానీ, వానితోనే మోయిస్తా."

పిల్లల్లేని ఈశ్వరప్పకు ఆ పిల్ల వచ్చిన రోజు పండగ. ఆ డెబ్బై నాలుగో డెబ్బై ఐదో, ఎండాకాలంలో దానికి పామిడి నుంచి మంచి సంబంధం వచ్చింది. బట్టల వ్యాపారం చేసే ఇల్లు. పిల్లవాడు చూసి ఇష్టపడ్డాడు, పిల్ల తల వంచుకునే నవ్విందట. బాలప్ప ఇంట్లో అందరూ నేల మీద నడవడం లేదు. ఇక మిగిలింది వక్కాకు ఒక్కటే. ఆ పిల్లకు జలుబు కూడా చేసి ఎరగదు, దాని గురించి బెంగ పడాల్సిన పనేముంది?

ఆ వేసవిలో బావులడుగంటి, బురదనీళ్ళు తాగి, జనం వాంతులు బేదులతో బండ్ల మీద ఆసుపత్రికి వచ్చారు. వసారా నిండి నా షాపు మెట్ల మీద కూడా పడుకున్నారు. అది చాలనట్టు, గోరుచుట్టు మీద రోకటిపోటులాగా ఈశ్వరప్పకు పంటినొప్పి. ఒక పొద్దున గురప్పగారే పట్టకారుతో ఆ దవడపన్ను పీకేసి, దూది కుక్కి, ఈ పొద్దు ఏమీ నమలొద్దన్నారు. ఆ దూది నోట్లో పెట్టుకునే ఆయన చీటీలు రాస్తున్నాడు.

అప్పుడొచ్చాడు ఓబుళేసు. పెళ్ళికొడుక్కి మేనమామ. "బాగుండావా ఈశ్వరప్పా? బాలప్పోళ్ళింటికాడ్నించి వస్తాండా" అని వక్కాకు బల్ల మీద పెట్టాడు. అదే క్షణాన ఒకామె కళ్ళు తేలేసిన బిడ్డను తెచ్చి ఈయన ఒళ్ళో పడేసినంత పని చేసింది. ఈశ్వరప్ప లేచాడు. వక్కాకు చూశాడు. దవడ మీద చెయ్యి పెట్టుకుని, "ఈ పొద్దు వద్దప్పా, పన్ను పీకిచ్చుకున్నా" అని దాన్ని పక్కకు జరిపి, బిడ్డనెత్తుకుని లోపలికి పరిగెత్తాడు. ఆ బిడ్డ బతికింది. ఆయన తిరిగొచ్చేసరికి ఓబుళేసు లేడు. ఏ ఇంటి పేరు చెప్పాడో కూడా ఈశ్వరప్పకు తలకెక్కలేదు. ఆ పొద్దంతా మళ్ళీ కూర్చోలేదు ఆయన.

మర్నాడు బాలప్ప వచ్చాడు. చెప్పులు కూడా లేవు కాళ్ళకు.

"అన్నా, నా బిడ్డకేమొచ్చింది? పామిడోళ్ళు వద్దని కబురు పంపినారు. కన్నతండ్రిని, నాకు తెలియని జబ్బు నీకేం తెలిసింది?"

ఈశ్వరప్పకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఆయన మొహం చూడలేకపోయాను. చేతిలో చీటీలు వదిలేసి, గురప్పగారికి కూడా చెప్పకుండా బస్టాండుకు పోయాడు.

పామిడిలో ఏం జరిగిందో ఆయన నాకు ఎన్నోసార్లు చెప్పాడు. ఎన్నిసార్లు చెప్పినా ఆ మాటలే. ఓబుళేసు మర్యాదగానే కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడట. ఈశ్వరప్ప జీవితంలో మొదటిసారి ఆసుపత్రి సంగతి నోటితో చెప్పాడు. "ఆ పిల్లకు ఏమీ లేదు. నిజంగానే పన్ను పీకిచ్చుకున్నా, చూడు" అని నోరు తెరిచి చూపించాడు. ఓబుళేసు వంగి చూశాడు కూడా.

"పన్ను లేదు, ఒప్పుకుంటా" అన్నాడు. "కాకపోతే ఈశ్వరప్పా, నువ్వు ఎవరి గురించీ నోటితో చెప్పవని గదా నీకు పేరు. ఈ పొద్దు బస్సెక్కి వచ్చి మరీ చెప్తాండావంటే, ఆ పిల్ల మీద నీకెంత జాలి ఉండాదో తెలిసిపాయె. జాలి పడాల్సిన పిల్లను మేమెట్ల తెచ్చుకుంటాం చెప్పు?"

నేనైతే ఆ మజ్జిగ వాడి మొహాన కొట్టి వచ్చేవాణ్ణి. ఈశ్వరప్ప గ్లాసు కింద పెట్టి, దండం పెట్టి, బస్సెక్కి వచ్చాడు.

గురప్పగారికి జరిగింది తెలిసి ఆయన కూడా దిగారు. ఆంజినమ్మను అనంతపురం పంపి ఎక్స్‌రే తీయించారు. ఊపిరితిత్తులు అద్దంలా ఉన్నాయి. బాలప్ప ఆ ఫిల్మును చేతపట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు, వెలుతురుకు పెట్టి చూపించాడు. జనం చూశారు, తలాడించారు. ఆయన గడప దాటగానే, "జబ్బు లేకుంటే ఎక్స్‌రే యాలప్పా తీపిచ్చేది?" అన్నారు. గురప్పగారు స్వయంగా పిల్లకు ఏమీ లేదని చెబితే, "దేవుడట్లా మనిషి, ఆడబిడ్డ గదా అని కప్పి పెడతాండాడు" అన్నారు. నిప్పు లేనిదే పొగ రాదని మా ఊళ్ళో ప్రతి వెధవకూ తెలుసు. నా షాపుకొచ్చి ఆ మాటన్నవాణ్ణి మందివ్వకుండా తరిమాను. నా బేరం పోయింది గానీ ఊరి నోటికి మూకుడు ఎవరు పెట్టగలరు?

ఈశ్వరప్ప రోజూ పొద్దుగూకే వేళకు బాలప్ప ఇంటికి పోయి, వీధి అరుగు మీద అందరూ చూసేట్టు కూర్చునేవాడు. ఆంజినమ్మ చేతి నీళ్ళు తాగేవాడు, ఆమె కంచంలోంచి ముద్ద తీసుకుని తినేవాడు. ఆమె ఇచ్చిన వక్కాకు నోట్లో కుక్కుకుని, దారినపోయేవాళ్ళను పిలిచి మరీ నమిలేవాడు. జనం నవ్వుకున్నారు. "ఆయనకు ఆ జబ్బు ఎప్పుడో వచ్చి పోయింది, ఆయనకేం భయం?" అన్నారు. ఆ మాట ఎవరో మొహం మీదే అన్నారు. అంతవరకు ఊరి కళ్ళల్లో కూడా తన జబ్బు నయమైందనే అనుకున్నాడు పాపం.

"అంత నమ్మకముంటే మీ ఇంట్లోకి తెచ్చుకోరాదా" అని కూడా అన్నారు. రామలక్ష్మమ్మకు పెళ్ళి కావాల్సిన తమ్ముడున్నాడు. ఆవిడ సిద్ధమే. కానీ ఇద్దరిదీ మగ్గమే అయినా కులాలు వేరు. అటువాళ్ళూ ఇటువాళ్ళూ కత్తులు దూస్తారు. ఆ మాట అక్కడే ఆగిపోయింది.

చివరికి ఆంజినమ్మే ఆయన్ను రావద్దంది. "నువ్వు రావద్దు పెద్దనాయనా. నువ్వొచ్చినప్పుడంతా జనానికి మళ్ళా గుర్తొస్తాండాది."

ఆ పిల్ల ఆసుపత్రికి రావడం మానేసింది. కొళాయి దగ్గర వరసలో దాని బిందెను కాలితో పక్కకు తోసేవాళ్ళు. అన్ని బిందెలూ నిండాక, నీళ్ళు ఇంకా వస్తుంటే, దానికి. మిరపకాయలు దంచేటప్పుడు దగ్గొచ్చినా నోట్లో కొంగు కుక్కుకునేది. ఊరంతా దగ్గుతుంది, ఆ పిల్ల ఒక్కతి మాత్రం దగ్గకూడదు. ఏళ్ళు గడిచాయి. పక్కింటి పిల్లలు పెళ్ళిళ్ళయి, పురుళ్ళకు వచ్చి పోయారు. ఆంజినమ్మ నాయనతోబాటు మగ్గం దగ్గర పడుగు పోగులు ఒక్కొక్కటే ముడేసి అచ్చు అతుకుతూ, పట్టు కండెలు చుడుతూ ఉండిపోయింది. అవ్వ పోయింది. చెల్లెలు ఎదిగింది. ఇంటి పెద్దపిల్ల గడపలో ఉండగా చిన్నదాన్ని ఎవరడుగుతారు? అడిగినా, అక్కకు ఆ జబ్బంట గదా అని వెనక్కి పోయేవాళ్ళు.

అప్పుడు ఎర్రన్న సంబంధం వచ్చింది.

ఎర్రన్న మా ఊరి నేతగాడే. పెళ్ళాం చచ్చిపోయింది, ఇద్దరు పిల్లలు. ఆయనకు నిజంగానే క్షయ. సూదులు మొదలుపెట్టేవాడు, జ్వరం తగ్గి అన్నం సయించగానే మానేసేవాడు. మళ్ళీ నెత్తురు పడితే మళ్ళీ వచ్చేవాడు. గురప్పగారు అరిచేవారు, నేను తిట్టేవాణ్ణి. "ఈసారి ఆఖరు దాకా వేయించుకుంటాలే అన్నా" అనేవాడు. చెడ్డవాడు కాదు. వాళ్ళ పెద్దలు బాలప్ప ఇంటికి పోయి, "పిల్లకు ఏముండినా మాకు పట్టింపు లేదు" అన్నారట. ఎందుకుంటుంది పట్టింపు!

మిట్టమధ్యాహ్నం, జనం పలచబడ్డాక బాలప్ప ఆసుపత్రికి వచ్చాడు. భార్యను నా షాపు ముందు రేకుల నీడలో నిలబెట్టాడు. ఆవిడ నన్ను పలకరించలేదు. నా గల్లా పక్కకొచ్చి, కిటికీ ఊచల్లోంచి వసారాలోకే చూస్తూ నిలబడింది. బాలప్ప బల్ల మీద వక్కాకు పెట్టాడు.

"అన్నా, ఎర్రన్నోళ్ళింటికాడ్నించి వస్తాండా."

"వద్దు బాలప్పా" అన్నాడు ఈశ్వరప్ప. గొంతు ఎత్తి అన్నాడు, లోపల డాక్టరుకు వినిపించినా సరే అన్నట్టు. "వాని రొమ్ములో ఏం మిగల్లేదు. సూదులు నడమన మానేసి మానేసి, ఇంగ మందు కూడా పని చేయని కాడికి తెచ్చుకున్నాడు. తెలిసి తెలిసి పిల్లను గుంతలోకి తోస్తావా?"

"నాకు తెలుసు. ఊరందరికీ తెలుసు. మరి ఎవనికియ్యల్ల? నువ్వు చెప్పు, ఎవనికియ్యల్ల? చిన్నదానికి వయసు మీరిపోతాంది. దాన్ని కూడా ఇట్లే కూచోబెట్టల్లా?"

ఈశ్వరప్ప వక్కాకును బాలప్ప వైపుకే జరిపాడు.

"పెద్దది ఒప్పుకునింది. చెల్లెలికి అడ్డం ఉండనంటాంది. మా ఇంటామే ఒప్పుకోలే. ఆయన నమిల్తే ఇస్తా, లేకుంటే ఇద్దరినీ తీసుకొని బాయిలో దూకుతా అంటాంది. అద్దో, ఆడ నిలబడి చూస్తాండాది. నమలన్నా."

"నేను నమలను."

"ఆ పొద్దు నమిలుంటే ఈ పొద్దు నీ కాళ్ళు పట్టుకునే పని నాకెందుకుంటాది?"

అంత మాట అనేసి బాలప్ప తనే బిత్తరపోయాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అనని మాట. తర్వాత ఏడుస్తూనే ఆకుకు సున్నం రాసి, వక్క పెట్టి, మడిచి, కిటికీకి వీపు పెట్టి నిలబడి ఈశ్వరప్ప నోట్లో తనే తోశాడు. చిన్నపిల్లవాడికి ముద్ద పెట్టినట్టు. "నమలన్నా, నీకు పుణ్యముంటాది" అంటూ ఆయన గడ్డం పట్టుకున్నాడు. అప్పుడు పక్కకు తప్పుకున్నాడు.

ఈశ్వరప్ప దవడ కదిలింది. కళ్ళల్లోంచి నీళ్ళు కారి చొక్కా మీద పడుతూనే ఉన్నాయి. నా పక్కన ఆవిడ చూసింది. ఆ కన్నీళ్ళు ఆమెకు కనపడలేదంటే, ఆ మాటలు వినపడలేదంటే నేను నమ్మను. కొంగు తల మీదికి లాక్కుని ఇంటిదారి పట్టింది.

గురప్పగారు తలుపు దగ్గర నిలబడి అంతా విన్నారు. షరతు తప్పావని ఒక్క మాట అనలేదు. ఆ సాయంత్రం ఈశ్వరప్ప పని మానేస్తానంటే, "మానేసి యాడికి పోతావు" అని మాత్రం అన్నారు. నిజమే, యాడికి పోతాడు?

పెళ్ళి ఆంజనేయస్వామి గుళ్ళో పదిమంది మధ్య జరిగింది. ఈశ్వరప్ప పోలేదు. మర్నాటినుంచి పొద్దున్నే నోట్లో వక్కాకు పెట్టుకుని వచ్చేవాడు. ఒకటి అయిపోతే ఇంకొకటి. సాయంత్రం దాకా దవడ ఆడుతూనే ఉండేది. ఎవరు ఏ ఇంటి పేరెత్తినా, ముందే నములుతున్న మనిషిని చూసి ఏం తెలుసుకుంటారు? కొన్నాళ్ళు ప్రయత్నించి, విసుక్కుని మానుకున్నారు. "ఆయనకు మతి చెడిందప్పా" అన్నారు. నోరంతా ఎర్రగా పుండు పడినా ఆయన మానలేదు. రామలక్ష్మమ్మ ఏడ్చి చెప్పినా మానలేదు.

చెల్లెలి పెళ్ళి మాత్రం జరిగింది. పుట్టపర్తి పక్కన ఏదో పల్లెకు ఇచ్చారు. అక్క తనకోసం ఏం చేసిందో ఆ పిల్లకు తెలుసు. పోయేటప్పుడు అక్క కాళ్ళు వదల్లేదట.

ఆంజినమ్మ ఎర్రన్నను సూదులకు తానే తీసుకొచ్చేది. ఒక్క సూదీ తప్పనివ్వలేదు. ఆయన మొండికేస్తే చెయ్యి పట్టి ఈడ్చుకొచ్చేది. అప్పటికి ఆలస్యమైపోయింది. ఒకే గది ఇల్లు, నడుమ మగ్గం, కరువుకు చీరలు అమ్ముడుపోక కట్టలు కట్టలుగా మూలన పడి ఉండేవి. రాత్రీ పగలూ ఆ దగ్గు. ఆమె వసారాలో బల్ల ఎదురుగా నిలబడినప్పుడు ఈశ్వరప్ప తలెత్తేవాడు కాదు. ఆమే పలకరించేది. "తిన్నావా పెద్దనాయనా? నోరెట్లుండాది?" అని అడిగేది. ఆయన తల ఊపేవాడు. కొన్నేళ్ళకు ఎర్రన్న పోయాడు. సవతి పిల్లలిద్దరూ ఆమె కొంగు పట్టుకుని మిగిలారు.

ఎనభై ఐదులో మళ్ళీ కరువు. మళ్ళీ అంటున్నాను గానీ మా జిల్లాలో గుర్తుపెట్టుకోవాల్సింది వాన కురిసిన ఏడాదిని. ఆ ఎండల్లో ఒకరోజు ఆంజినమ్మ ఒక్కతే వచ్చింది. ముందు నేను పోల్చుకోలేదు. భుజాల ఎముకల మీద రవిక వేలాడుతోంది. మెట్టు ఎక్కి, గోడ పట్టుకుని దగ్గింది. దగ్గి, కొంగుతో మూతి తుడుచుకుని, కొంగు చూసుకుంది. తర్వాత బల్ల దగ్గరికి వచ్చింది.

ఈశ్వరప్ప దవడ ఆగిపోయింది.

"నాకే పెద్దనాయనా, చీటీ" అంది. "పది దినాలుగా గళ్ళలో నెత్తురు పడతాంది."

ఆయన కలం తీశాడు. ఆమె పేరు రాయాలి, ఊరు రాయాలి, వయసు రాయాలి. కాగితం మీద పెట్టిన కలం కదల్లేదు. నేను షాపు వదిలేసి వసారాలోకి వచ్చేశాను, ఎందుకో నాకే తెలియదు.

ఆమె ఆయన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు మాత్రం మారలేదు.

"రాయి పెద్దనాయనా. ఈ జబ్బొచ్చినోళ్ళంతా ఎవురికీ చెప్పొద్దని నీకు దండం పెట్టి పోతారంట గదా. నాకా బాధ లేదులే. నాకు రాకముందే ఊరంతా చెప్పేసినారు."

ఈశ్వరప్ప చీటీ రాసి ఇచ్చాడు. ఆమె దాన్ని రెండు చేతులతో తీసుకుని, పోయి వరసలో చివర కూర్చుంది.